మందగమనము

నడక యను మాటనుండియే నడత, నడవడి యను మాటలు మన భాషలో బుట్టినవి. మనుష్యుడు కాళ్ళతో సాగు తీరు నడక. పదుగురిలో మెలగు తీరు నడత. గతి యను సంస్కృతపదమునకును గమనమనియు, దశయనియు, దిక్కనియు మూడర్థములు కలవు. “గతిలేనివాడు” అన్నప్పుడు వాడు కదలలేనివాడని కాదు, ఆదుకొనువారు లేనివాడని మన యభిప్రాయము. ఈ మాటలను గూర్చినవా రెవ్వరో గాని, మనుష్యుని గమనమునకును ధర్మమునకును సంబంధము కలదని గ్రహించినవారే. మన మా సంబంధమును తఱచుగా మఱచుచున్నాము. ఎంత త్వరగా బోగలమని యడుగుదుము గాని, ఎవరితో గూడి పోగలమని యడుగము. వేగము యంత్రకారుల విషయమనియు, ధర్మము పండితుల విషయమనియు వేఱుచేసి యుంచితిమి. ఈ రెండింటికిని గల చుట్టఱికమును, చూచుటకు మిక్కిలి చిన్నదగు నొక విషయమును బట్టి విచారింప దలచితిమి.

ఆ విషయ మేమనగా: అమెరికాదేశమున గొన్ని నగరములలో జనులు సాయంకాలమున వింత యాకారముగల సైకిళ్ళనెక్కి, గుంపుగా గూడి, చేరవలసిన చోటేదియు లేకయే, మెల్లగా వీథులవెంట దిరిగి యిండ్లకు వచ్చుచుందురు. పందెము లేదు, బహుమతి లేదు, అందఱికంటె ముందుండవలయునను తొందర లేదు. ఇది యొక పిల్లలయాట యని చదువరులు నవ్వవచ్చును. నవ్విన తరువాతనైనను కొంచెము విచారింపుడని మా ప్రార్థన.

ఈ సైకిళ్ళు ముఖ్యముగా రెండు తెగలు. మొదటిదానిని క్రూజరు అందురు. చికాగో నగరమున 1895 లో స్థాపితమైన ష్విన్ కంపెనీవారు 1933 లో, దేశమంతయు నార్థికమాంద్యమున గ్రుంగియున్న కాలమున, రెండంగుళములకు మించిన వెడల్పుగల బెలూను టైర్లతో నొక సైకిలును విడుదల చేసిరి. క్రూజరు తెగకు మూలము దానియందే కలదు. బరువైన యినుపఫ్రేము, వెనుకకు వంగిన హ్యాండిలు, వెడల్పైన సీటు, ఒకే గేరు, పెడలును వెనుకకు ద్రొక్కినచో పట్టుకొను బ్రేకు, ఇవి యా తెగకు లక్షణములు. గతుకుల దారిని గుదుపు లేకుండ బోవుట దాని గుణము. వేగముగా బోలేకుండుట దాని దోషము, లేదా, మేము చెప్పబోవునట్లు, దాని రెండవ గుణము.

రెండవ తెగ చాపరు. ఆంగ్లమున చాప్ అనగా నఱకుట. రెండవ ప్రపంచయుద్ధానంతరము కాలిఫోర్నియాలో గొందఱు తమ మోటారుసైకిళ్ళనుండి యక్కఱలేదని తోచిన భాగముల నెల్ల నఱికివేసి తిరుగసాగిరి. పిమ్మట ముందుఫోర్కును బారుగా సాచి, హ్యాండిలును భుజములయెత్తునకు లేపుట యాచారమయ్యెను. అచటి పిల్లలును 1960 తరువాత దమ చిన్న సైకిళ్ళకు ఎత్తైన హ్యాండిళ్ళను, అరటిపండువలె సాగిన సీట్లను బిగించుకొనిరి. ష్విన్ కంపెనీలో నుద్యోగియగు ఆల్ ఫ్రిట్జ్ దీనిని గనిపెట్టగా, ఆ కంపెనీ 1963 లో స్టింగ్ రే యను పేర నట్టి సైకిలునే చేసి విక్రయించెను. ఇంగ్లండునందలి నాటింగ్‌హామున ర్యాలీ కంపెనీవారు 1970 లో చాపరు నమ్మజూపిరి. పిల్లలు పెరటిలో జేసినదానిని గొప్ప కార్ఖానాలు చూచి వ్రాసికొనుట యరుదైన సంగతి. నేడును ఈ సైకిళ్ళయందు మోజుగలవారు పలువురు పాతసామానుల గుట్టలనుండి ఫ్రేములను దెచ్చి, కోసి, అతికి, ఫోర్కును పొడిగించి, తమకు నచ్చిన రంగులు వేసికొందురు. ఫోర్కు పొడవైనకొలది హ్యాండిలు త్రిప్పుట కష్టమగును. మలుపులు విశాలముగా దీసికొనవలసియుండును. ఇట్టి వాహనముపై గూర్చుండినవాడు త్వరపడదలచినను త్వరపడలేడు.

ఇట్టివారి యూరేగింపులు పెక్కుచోట్ల గలవు గాని, మేము డెట్రాయిటు నగరమును దృష్టాంతముగా గైకొనుచున్నాము. ఏలయనగా, ఆధునికవేగమునకు బుట్టినిల్లు ఆ నగరమే. హెన్రీ ఫోర్డు 1896 లో అచట నొక చిన్న కొట్టములో తన మొదటి మోటారుబండిని నాలుగు సైకిలుచక్రములమీద నిలిపెను. సైకిలు తల్లియైనచో మోటారు బిడ్డ యన్నమాట. 1909 లో అచటి వుడ్‌వర్డు వీథిలో నొక మైలు పొడవున కాంక్రీటు దారి వేసిరి. 1913 లో, నగరమధ్యమున నుండు హైలండు పార్కునందలి కార్ఖానాలో, పనివాడు పనియొద్దకు బోవుట మాని పనియే పనివానియొద్దకు సాగివచ్చు పద్ధతిని ఫోర్డు నెలకొల్పెను. అంతకుముందు బండి చట్రము నొకదానిని గూర్చుటకు పండ్రెండు గంటలకు పైగా పట్టుచుండగా, మఱుసటి వత్సరమునకు గంటన్నరకు దిగినది.

కాని యీ పద్ధతిలో నడకను నిర్ణయించున దెవరు? పనివాడు కాడు, వాని యెదుట సాగిపోవు గొలుసు. దానితో గూడ సాగగలిగినవాడు నిలిచెను; సాగలేనివాడు తొలగెను. 1913 లో ఆ కార్ఖానాలో పనివారు మానుటయు, క్రొత్తవారిని జేర్చుకొనుటయు నూటికి 370 వంతున జరిగెనని లెక్కలు చెప్పుచున్నవి. మఱుసటి జనవరిలో దినమునకైదు డాలర్ల వేతనము ప్రకటించుటకు దయ యొక్కటియే కారణము కాదు. మనుష్యులు నిలువకపోవుటయు గారణము. వేగమునకు మూల్యము గలదనియు, దానిని వెనుకబడినవాడే చెల్లించుననియు నా నగరము మొట్టమొదటనే నేర్చినది.

తరువాతి కథ చదువరు లెఱుగనిది కాదు. 1950 లో డెట్రాయిటు జనసంఖ్య పదునెనిమిది లక్షలకు మించియుండెను. 2010 నాటికి ఏడులక్షల పదునాలుగువేలకు దిగెను. 1967 లో జాతివైషమ్యములవలన జెలరేగిన కల్లోలమున నలువదిముగ్గురు మరణించిరి. కలిగినవారును, విశేషముగా దెల్లవారును, తమ మోటారులనెక్కి పొలిమేరలు దాటిపోయిరి. త్వరగా బోగలవారు త్వరగా బోయిరి, పోలేనివారు మిగిలిరి. 2013 జూలైలో నగరపాలకసంఘము దివాలా ప్రకటించుకొనెను. లక్షల మోటారులకై వేసిన విశాలవీథులు మాత్రము బోసిగా మిగిలినవి.

ఆ బోసివీథులలోనే, 2010 లో కొలదిమంది మిత్రులు సోమవారపు సాయంకాలములందు సైకిళ్ళపై మెల్లగా దిరుగ నారంభించిరి. దానికి స్లో రోల్, అనగా మెల్లగా దొరలుట, యని పేరిడిరి. కొన్ని వత్సరములలోనే యా గుంపు వేలసంఖ్యకు బెరిగెను. వారమువారమును దారి మార్చుచు, నగరమునందలి వేఱువేఱు పేటలను జూచుచు బోవుట వారి పద్ధతి. ఈస్ట్ సైడ్ రైడర్స్ మొదలగు బృందములవారు తామే తీర్చిన చాపరులతోను, దీపతోరణములతోను, పాటలు మ్రోగించు పెట్టెలతోను వచ్చి కలిసికొనిరి. నల్లవారును దెల్లవారును, ముసలివారును బిల్లలును, కొత్తసైకిలు గలవారును దుప్పుసైకిలు గలవారును ఒకేదారిని బోవుట, పేటలుగా జీలిపోయిన యా నగరమున, సామాన్యమైన సంగతి కాదు.

ఇందు ప్రకృతిశాస్త్రమునకు సంబంధించిన మర్మ మొకటి కలదు. సైకిలు నడుపువానికి ముఖ్యశత్రువు గాలి. వేగము రెట్టింపయినచో గాలి యెదురుబలము నాలుగింతలగును. దానిని జయించుటకు గావలసిన శక్తి యెనిమిదింతలగును. అందువలన మిక్కిలి వేగముగా బోవునెడల బలవంతుడు ముందునకును బలహీనుడు వెనుకకును బోక తప్పదు. మెల్లగా బోవునెడల గాలి యించుమించు నిద్రించినట్లుండును. డెబ్బదియేండ్ల వృద్ధునకును ఇరువదియేండ్ల యువకునకును నడుమ నున్న భేదము మాటలాడుకొనుట కడ్డురానంత చిన్నదియగును. అనగా, వేగము మనుష్యులలోని భేదములను బెంచును. మందగమనము వానిని దగ్గించును. ఇది నీతివాక్యము కాదు, గణితము. గణితము నీతిని సమర్థించిన యవకాశమును మనము విడువరాదు.

ఇక నాక్షేపణలు. గమ్యములేని ప్రయాణము కాలహరణము గాదా యని మొదటి యాక్షేపణ. సోమరితనమునకును తీరికకును భేదము కలదు. చేయవలసిన పనిని చేయకుండుట సోమరితనము. చేయవలసినది చేసి, తన కాలమును దనదిగా ననుభవించుట తీరిక. ఈ తీరిక కార్మికులకు నూరక వచ్చినది కాదు. దినమునకెనిమిది గంటల పనికొఱకు వారెన్నియో దేశములలో నెన్నియో వత్సరములు పోరాడిరి. అట్లు సంపాదించిన సాయంకాలమున కొందఱు తోటివారి ముఖములను జూచుచు గడపుచున్నారన్నచో, అది కాలమును బోగొట్టుట యెట్లగును? “నాకు తీరికలేదు” అని గర్వముతో జెప్పువాడు తాను సంపన్నుడనుకొనుచున్నాడు గాని, తన దరిద్రమునే చాటుచున్నాడు.

రెండవది, ఇది యాడంబరమను నాక్షేపణ. దీనిలో గొంత సత్యము కలదు. ఎవని వాహనము పొడవు, ఎవని రంగు మెఱుపు అను పోటీ యచట లేదని మేము చెప్పము. బజారున సిద్ధముగా నమ్ము ఖరీదైన క్రూజరును గొని, దానిని జూపుకొనుటకే బయలుదేరువాడు నగలపెట్టెను వీథిలో మోయువానితో సమానుడు. కాని తుప్పు గోకి, తన చేతులు కాల్చుకొని, పాఱవేసిన యినుమునకు బ్రాణముపోసినవాడు పదిమందికి దానిని జూపగోరుట వేఱు. మన యిండ్లలో స్త్రీలు సంక్రాంతినాడు వాకిట ముగ్గుపెట్టుట యాడంబరమందుమా? దారినిబోవు ప్రతివాని కన్నులకును నది కానుక. అలంకారము చూపరిని చిన్నబుచ్చునదైనచో దోషము. చూపరిని బిలుచునదైనచో గుణము.

మూడవ యాక్షేపణ యన్నింటికంటె బరువైనది. అది సంస్కారాభిలాషులగు మా చదువరులనుండియే రావలసినది. “మెల్లగా, మెల్లగా” అను మాటతోనేగదా మన దేశమున బ్రతి సంస్కరణమును నాపివేసిరి? వితంతువుల దుఃఖమును జూపినప్పుడు మెల్లగా ననిరి. అంటరానితనమును ఖండించినప్పుడు మెల్లగా ననిరి. బాలికలకు జదువు చెప్పింపవలయు నన్నప్పుడును మెల్లగా ననిరి. అట్టి మందగమనమును మీరు పొగడుచున్నారా యని మమ్మడుగవచ్చును.

దీనికి సైకిళ్ళ చరిత్రయే సమాధానము చెప్పుచున్నది. 1880 లో అమెరికాలో సైకిలువారు ఒక మహాసంఘమును స్థాపించుకొనిరి. దాని పేరు లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్. మంచి రహదారులకై పాటుపడి యా సంఘమువారు దేశమునకు మేలుచేసిరి. స్త్రీలకు సైకిలు స్వేచ్ఛ నొసంగినదని సూసన్ ఆంథొనీ వంటి సంస్కర్త్రి 1896 లో మెచ్చుకొనునంతగా దాని ప్రచారము సాగెను. కాని యా సంఘమే 1894 లో లూయివిల్లు సభయందు దెల్లవారికి దక్క నితరులకు సభ్యత్వము లేదని నిబంధన చేసెను. బోస్టను నగరమున గుట్టుపనిచేసి జీవించు కిటీ నాక్స్ అను యువతి, తండ్రి నల్లజాతివాడు గాగా, ఆ నిబంధనకు ముందే సభ్యురాలైయుండెను. 1895 లో ఆస్బరీ పార్కున జరిగిన సంఘసమావేశమునకు దన సభ్యత్వపత్రముతో వెడలినప్పుడు గొందఱామె రాకను ఆక్షేపించిరి. నల్లజాతివాడగు మేజర్ టేలర్ 1899 లో మాంట్రియలునందు బ్రపంచవిజేత యయ్యెను. అయినను నిబంధన మాఱలేదు. ఆ సంఘము దానిని బహిరంగముగా నిరాకరించినది 1999 లో. అనగా నూటయైదు వత్సరములు! ఇదియు మందగమనమే.

కావున మందగమనములు రెండు కలవు. వెనుకబడినవారికొఱకు దాము నిలుచుట యొకటి. వెనుకబడినవారినే నిలువబెట్టుట మఱియొకటి. మొదటిదానియందు బలవంతుడు తన వేగమును ద్యాగముచేయును. రెండవదానియందు బలవంతుడు తన దారిని దాను ముందే పోయి, బలహీనునితో “నీవు మెల్లగా రమ్ము” అనును. పైకి రెండును ఒక్కతీరుగనే కనబడును. రెండింటికిని ఓర్పు అనియే పేరు పెట్టుదురు. కాని పరీక్ష సులభము. నిరీక్షించుచున్నవా డెవడో చూడుడు. ముందువాడు నిరీక్షించుచున్నచో నది ధర్మము; వెనుకవాడు నిరీక్షించుచున్నచో నది యన్యాయము. సంస్కరణమును మెల్లగా జేయుడని చెప్పువారిలో, ఆ యాలస్యమువలన దాము కష్టపడినవారెందఱు?

ఈ పరీక్షనే సైకిళ్ళ గుంపునకును బెట్టి చూతము. గుంపు పెద్దదైనప్పుడు కూడలియందు దీపము మాఱినచో గుంపు రెండుగా దెగి, వెనుకవారు దారితప్పుదురు. అందుచే గొందఱు ముందుగా బోయి, అడ్డముగా నిలిచి, గుంపంతయు దాటువఱకు మోటారుల నాపుదురు. వెనుకవానిని విడువరాదను ధర్మమే యిచట బయటివాని దారి కడ్డమగుచున్నది. ఆ యాగిన మోటారులలో విలాసపురుషులే యుందురని యెవరు చెప్పగలరు? పగలంతయు నిలువుకాళ్ళపై బనిచేసి, బిడ్డకు గూడువండ నింటికి బోవు తల్లి యుండవచ్చును. ఆమె బస్సులో గూర్చుండి గడియారమును జూచుకొనుచుండ, తీరికగలవారు పాటలతో దాటిపోవుట సొగసుగా నుండునా?

వారమంతయు మోటారులే యేలుచున్న వీథిలో సైకిళ్ళకు గొన్ని నిమిషములిచ్చుట గొప్ప నష్టముకాదని సమాధానము చెప్పుదురు. అది సగము సమాధానమే. తీరికగలవాడు తీరికలేనివానికి దారియియ్యవలయునను సూత్రమును మేము విడువజాలము. గుంపు పెరిగినప్పుడు చిన్నగుంపులుగా విడివడుట, పోవు దారిని ముందుగా దెలుపుట, రోగుల బండికి దక్షణమే దారి విడుచుట, ఆగినవారికి జేయెత్తి కృతజ్ఞత చూపుట, ఇవి మర్యాదలు మాత్రమే కావు. ఇవి లేనిచో గుంపులోని స్నేహము బయటివారికి దౌర్జన్యమగును. తనవారియెడల దయ చూపుట దొంగలగుంపునందును గలదు. తనవారు కానివారియెడల నది యేమగుచున్నదో చూచియే గుంపు నీతిని నిర్ణయింపవలయును.

మహాభారతమునందలి మహాప్రస్థానకథ యిచట మాకు జ్ఞప్తికి వచ్చుచున్నది. పాండవులు ద్రౌపదితో నుత్తరదిక్కునకు బోవుచుండ, మొదట ద్రౌపదియు, పిదప సహదేవ నకులార్జున భీములును వరుసగా బడిపోయిరి. ధర్మరాజు వారి వారి దోషములను జెప్పి, వెనుకకు దిరిగిచూడక సాగెను. ఇది కథలోని కఠినభాగము. కాని కథ యచట ముగియలేదు. తన్ననుసరించి వచ్చిన కుక్కను విడిచినగాని స్వర్గము లేదన్నప్పుడు అతడు స్వర్గమునే వలదనెను. తుదకు స్వర్గముచేరి, తమ్ములను నరకమునందు గనుగొన్నప్పుడు, నేనిచటనే యుందుననెను. ముందుబోయినవాడు వెనుకబడినవారికడకు వచ్చి నిలుచుటతోనే యతనికి దుదిపరీక్ష తీఱినది. త్వరగా జేరుటచేత నతడు ధర్మరాజు కాలేదు, నిలుచుటచేత నయ్యెను.

డెట్రాయిటు పరిసరములందలి నోవై, ట్రాయ్, కాంటన్ పట్టణములలో దెలుగుకుటుంబములు పెక్కు నివసించుచున్నవి. పలుచోట్ల మోటారు లేనిదే పాలడబ్బాకైనను బోజాలని దూరములవి. మన దేశమునుండి కొన్నినెలలకై వెళ్ళిన తల్లిదండ్రులు, బండి నడుపనేరనివారు, పగలంతయు గిటికీలోనుండి వీథిని జూచుచు బిడ్డలరాకకై యెదురుచూచుచుందురు. ఆ బిడ్డలు నిర్దయులు కారు. ఆ యూరి నడకయే యట్టిది. ఒక స్థలమున నందఱును నలువదిమైళ్ళ వేగముతో బోవునప్పుడు, పోలేనివాడు తన యింటిలోనే ఖైదీయగును. వేగము నిర్ణయించినవా డెవ్వడును “అమ్మను విడిచిపెట్టుడు” అని చెప్పలేదు. చెప్పకయే యది జరిగినది. వెలివేత యెల్లప్పుడును లూయివిల్లు సభలోవలె నిబంధనరూపముగనే రాదు. తఱచుగా వేగరూపమున వచ్చును.

ఇక మన యింటి సంగతి. తరగతిలో జురుకైన పిల్లవాని నడకయే పాఠమునకు నడక, తక్కినవారు మందబుద్ధులు. భోజనమునకు బురుషుల తొందరయే తొందర. వండినయామె చల్లారినది తినును. సభలో నాంగ్లము ధారాళముగా బల్కువానిదే చర్చ. తక్కినవారు చప్పట్లు కొట్టువారు. ఈ యన్నిటియందును ఎవరును ఎవరిని త్రోసివేయలేదు. కేవలము ముందునకు బోయితిమి, అంతియే! కూడిపోవుట యను నర్థమిచ్చు సహగమన మను చక్కని మాటను, 1829 లో బెంగాలునందును మఱుసటి వత్సరము చెన్నపట్టణపు రాజధానియందును నిషేధింపబడిన యొక క్రూరాచారమునకు బేరుచేసి, మన పూర్వులు పాడుచేసిరి. చచ్చినవానితో బ్రతికియున్నదానిని బంపుటకు మాత్రమే యా మాట మనకు బనికివచ్చినది! బ్రతికియున్నవారు బ్రతికియున్నవారితో గూడి, ఎవరును దప్పిపోకుండ, సాగుటకు దానిని మరల దెచ్చుకొనుట మన విధి.

ఒక సోమవారపు సాయంకాలమున రెండుగంటలు మెల్లగా దిరిగినంతమాత్రమున నొక నగరపు గాయములు మానునని మేము చెప్పము. మంగళవారమున వారి పేటలు వేఱే, పాఠశాలలు వేఱే, జీతములు వేఱే. కాని యా రెండుగంటలలో ముందున్న బలశాలి తల వెనుకకు ద్రిప్పి, చివరివాడు వచ్చుచున్నాడా యని చూచును. ఆ చూపు అలవాటైనవాడు మంగళవారమునను దానిని బూర్తిగా మఱువజాలడు. మన పిల్లలకు ముందుకు జూచుట నేర్పుచున్నాము, మంచిదే. వెనుకకు జూచుటయు నేర్పుదము.